గడప దాటితే నీళ్లే

ఇంట్లో కనిపించకుండా పోయిన పిల్లవాడి గురించి చెప్పడానికి తెలుగులో రెండు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కోపంతోనో భయంతోనో ఇల్లు విడిచినవాడిని పారిపోయాడంటారు. తిరునాళ్ళలోనో ఓడరేవులోనో తల్లి చెయ్యి వదిలి, వచ్చిన దారి తెలియక నిలబడిపోయినవాడిని తప్పిపోయాడంటారు. ఆటిజం ఉన్న పిల్లలు గడప దాటి వెళ్ళిపోవడానికి ఈ రెండు మాటలూ సరిగా అతకవు. ఆ పిల్లలకు ఇంటిమీద కోపం ఉండదు, దారి తప్పామన్న దిగులు కూడా చాలామందిలో కనిపించదు. తమ మనసును లాగుతున్న ఏదో ఒక చోటు వైపు, వస్తువు వైపు, చప్పుడు వైపు వాళ్ళు నడుచుకుంటూ పోతారు, లేదా తాము భరించలేని దాని నుంచి జరుగుతూ జరుగుతూ వీధి చివరికి చేరతారు. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా తలుపుకు ఎన్ని తాళాలు వేసినా, ఆ తాళాలు మరిచిపోయిన ఒక్క రోజున పిల్లవాడు ఎక్కడికి వెళ్ళి ఉంటాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. చుట్టూ సముద్రం ఉన్న అండమాన్ నికోబార్ ద్వీపాలలో ఆ తెలియకపోవడం ప్రాణం మీదికి వస్తుంది.

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే ఒక తేడా. అది అంటుకునే జబ్బు కాదు, గాలీ ధూళీ సోకడం కాదు, పెంపకంలో జరిగిన లోపం అసలే కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేసిన లియో కానర్ అనే వైద్యుడు 1943లో పదకొండు మంది పిల్లలను పరిశీలించి రాసిన వ్యాసంతో ఈ స్థితికి వైద్యశాస్త్రంలో ఒక రూపం ఏర్పడింది. ఈ పిల్లలలో కొందరికి మాట ఆలస్యంగా వస్తుంది, కొందరికి అసలు రాదు, మరికొందరు గలగలా మాట్లాడుతూనే ఎదుటివారి మాటలోని ఆంతర్యాన్ని పట్టుకోలేకపోతారు. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం, ఒకే వస్తువు మీద తదేకమైన ఆసక్తి, వెలుతురూ చప్పుడూ స్పర్శా ఇతరులకంటే ఎక్కువగానో తక్కువగానో తాకడం వీరిలో సాధారణం. భారతదేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి గుర్తించగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దానిని 21 రకాల వైకల్యాలలో ఒకటిగా చేర్చింది.

ఇల్లు దాటి వెళ్ళడం ఈ పిల్లలలో ఎంత తరచుగా జరుగుతుందన్న ప్రశ్నకు నమ్మదగిన లెక్క 2012 వరకూ రాలేదు. ఆ ఏడాది పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో, బాల్టిమోర్‌లోని కెన్నెడీ క్రీగర్ సంస్థకు చెందిన పరిశోధకులు, ఆటిజం ఉన్న 1,218 మంది పిల్లల తల్లిదండ్రులు చెప్పిన వివరాలను క్రోడీకరించి ప్రచురించారు. నాలుగేళ్ళు దాటిన తరువాత కనీసం ఒక్కసారైనా పెద్దల పర్యవేక్షణ నుంచి వెళ్ళిపోవడానికి ప్రయత్నించిన పిల్లలు 49 శాతం, అంటే ఇద్దరిలో ఒకరు. కంగారు పుట్టేంతసేపు కనిపించకుండా పోయినవారు నాలుగో వంతుకు పైగా ఉన్నారు. అలా పోయిన పిల్లలలో మూడింట రెండు వంతుల మంది వాహనాల కింద పడే ప్రమాదానికి, సుమారు నాలుగో వంతు మంది నీటిలో మునిగే ప్రమాదానికి దగ్గరగా వెళ్ళి వచ్చారు. ఇదే ఇళ్ళలో ఆటిజం లేని తోబుట్టువులను కూడా లెక్కలోకి తీసుకున్నారు గనుక, ఇది పెంపకపు నిర్లక్ష్యం కాదన్న మాట అంకెలతోనే తేలింది: అదే తల్లి, అదే ఇల్లు, అదే తలుపు, కానీ తోబుట్టువులలో ఈ ప్రవర్తన చాలా అరుదు. ఇరుగుపొరుగువారి ముందు తలెత్తలేక కుమిలిపోయే తల్లులకు ఈ ఒక్క పోలిక తెలిసినా గుండె బరువు కొంత దిగుతుంది. అదే అధ్యయనంలో సగం కుటుంబాలు, ఈ ప్రమాదం గురించి ఏ వైద్యుడూ ఏ నిపుణుడూ తమకు ఒక్క సలహా అయినా ఇవ్వలేదని చెప్పాయి.

నీటి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు 2017లో, ఆటిజం ఉండి నీట మునిగి మరణించిన, పదిహేనేళ్ళ లోపు వయసున్న 23 మంది పిల్లల ఉదంతాలను పరిశీలించగా, దాదాపు నాలుగింట మూడు వంతుల మరణాలకు ముందు పిల్లలు ఇంటి నుంచి ఒంటరిగా వెళ్ళిపోవడమే జరిగిందని, సగానికి పైగా మరణాలు చెరువుల్లోనూ కుంటల్లోనూ సంభవించాయని, ఇంటికీ ఆ నీటికీ మధ్య సగటు దూరం సుమారు 290 మీటర్లు మాత్రమేనని తేలింది. ఒక బడిపిల్లవాడు నాలుగైదు నిమిషాలలో నడిచే దూరమది. అన్నం వార్చి, గిన్నె దించి, చేతులు తుడుచుకునేలోపు గడిచిపోయే సమయమది. మెరిసే నీటి ఉపరితలం, అలల ఒకే తీరు కదలిక, ఒంటిని నలువైపులా నెమ్మదిగా ఒత్తిపట్టే నీటి స్పర్శ ఈ పిల్లలలో చాలామందికి ఎనలేని ఊరటనిస్తాయి. నీరంటే వారికి ఇష్టం ఉంటుంది, భయం మాత్రం ఉండదు.

ఈ 290 మీటర్ల కొలతను అండమాన్ పటం మీద పెట్టి చూస్తే పరిస్థితి తేటపడుతుంది. ఈ ద్వీపాల తీరరేఖ పొడవు పాత లెక్కల ప్రకారమే సుమారు 1,962 కిలోమీటర్లు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారినా జనం నోట ఇంకా పోర్ట్ బ్లెయిర్‌గానే పలికే రాజధానిలో, జంగ్లీఘాట్ వంటి పేటలలో ఇళ్ళ వరుస ముగిసేచోటనే చేపల పడవలు లంగరు వేసి ఉంటాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు దిగువకు కుంగిపోగా, సిప్పీఘాట్ ప్రాంతంలో అప్పటివరకు వరి పండిన పల్లపు భూములలోకి ఉప్పునీరు చొరబడి అక్కడే నిలిచిపోయింది. అంతకు ముందు ఊరికి దూరంగా ఉన్న నీరు ఆ ఒక్క రోజుతో ఊరి పెరట్లోకి వచ్చింది. రోజుకు రెండుసార్లు ఆటూ పోటూ వచ్చే ఈ తీరంలో, నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ పగడపు రాళ్ళ మీద గవ్వలు ఏరుకుంటూ లోపలికి నడిచిన పిల్లవాడికి, నీరు తిరిగి వస్తోందని చెప్పేవారు ఉండరు. మడ అడవుల నాలాలలో ఉప్పునీటి మొసళ్ళు తిరుగుతాయి; వాండూర్ వంటి చోట్ల హెచ్చరిక పలకలు ఉన్నా, చదవలేని పిల్లవాడికి ఆ పలక ఒక రంగు చెక్క మాత్రమే. ఇక వేసవిలో కుళాయి నీరు రోజు విడిచి రోజు కూడా రాని పట్టణంలో ప్రతి ఇంటా డ్రమ్ములు, సంపులు, నీళ్ళ ట్యాంకులు తప్పవు. చిన్న పిల్లవాడు మునగడానికి సముద్రమే అవసరం లేదు గనుక, సంపు మూతకు తాళం వేయడం, డ్రమ్ము మీద బరువైన మూత పెట్టడం వీధి తలుపు గొళ్ళెమంత ముఖ్యం.

ఈ ద్వీపాలలో పొద్దు నడక కూడా వేరు. భారత ప్రామాణిక కాలమానం మీర్జాపూర్ మీదుగా పోయే రేఖాంశం ప్రకారం నడుస్తుంది. అండమాన్ అంతకు పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నందువల్ల ఇక్కడ సూర్యుడు గడియారం కంటే నలభై నిమిషాలు ముందుంటాడు. మే, జూన్ నెలలలో తెల్లవారుజామున 5 గంటలకే వెలుగు ఇంట్లోకి వచ్చేస్తుంది, నవంబరులో సాయంత్రం 5 కాకముందే పొద్దు గుంకుతుంది. ఆటిజం ఉన్న పిల్లలలో నిద్ర సమస్యలు సర్వసాధారణం కావడంతో, ఇంటిల్లిపాదీ గాఢనిద్రలో ఉన్న ఆ వెలుగు వేళకే లేచి కూర్చునే పిల్లలు ఎందరో ఉంటారు. చేపల వేటకు వెళ్ళిన తండ్రి నడిరాత్రే తలుపు దగ్గరగా వేసి పోయి ఉంటాడు, లోపలి నుంచి గొళ్ళెం పెట్టేవారు ఉండరు. ఆ నవంబరులో సాయంత్రం నాలుగున్నరకు పిల్లవాడు కనిపించలేదని గుర్తిస్తే, పొద్దు గుంకడానికి అరగంట కూడా ఉండదు. కిటికీలకు మందపాటి తెరలు వేసి తెల్లవారి వెలుగును ఆపడం ఎంత చిన్న పనిగా తోచినా, కొన్ని ఇళ్ళలో అదే మొదటి కాపలా అవుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల జనాభా 3,80,581 కాగా, అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల తీరగ్రామాల నుంచి వేటకూ కూలికీ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వీరిలో ఎక్కువ. సొంత ఊళ్ళో అయితే ఇలాంటి పిల్లవాడి మీద అమ్మమ్మ కన్ను, పెద్దమ్మ కన్ను, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళ కన్ను ఎప్పుడూ ఉండేవి. వారంతా విశాఖ ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణమంత దూరాన ఉండగా, ఇక్కడ ఆ కాపలా మొత్తం తల్లి ఒక్కదాని మీద పడుతుంది. ఆమె స్నానానికి వెళ్ళే పది నిమిషాలు కూడా ఈ లెక్కలో చాలా ఎక్కువే.

అలసిపోయిన కుటుంబాలు చివరికి తాడును ఆశ్రయించడం ఎక్కడో జరిగే వింత కాదు. మంచం కోడుకు కట్టిన చీర కొంగు, కాలికి వేసిన గొలుసు, బయటి నుంచి తాళం పెట్టిన గది దేశమంతటా ఉన్నాయి, వాటి వెనుక క్రూరత్వం కంటే నిస్సహాయతే ఎక్కువ. అయినా దీనిని సమర్థించడానికి వీలులేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది సజీవంగా దహనమయ్యారు. మానసిక అనారోగ్యం ఉన్నవారిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. వైకల్యం ఉన్న వ్యక్తులను క్రూరమైన, అమానుషమైన తీరు నుంచి కాపాడాలని 2016 నాటి చట్టం ఆదేశిస్తోంది. చట్టం మాట అటుంచినా, కట్టేసిన పిల్లవాడు విడిపించుకున్న రోజున మునుపటికంటే వేగంగా, మునుపటికంటే దూరంగా పరుగెత్తుతాడు. అంతవరకు ఏదో ఒక చోటికి వెళ్ళడానికి మాత్రమే ఇల్లు దాటినవాడు ఆనాటి నుంచి నిజంగా పారిపోవడం మొదలుపెడతాడు.

ఇదే హెచ్చరిక తాళాలకూ వర్తిస్తుంది. అండమాన్ దేశంలో భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో ఒకటి, సునామీ చూసిన నేల ఇది. నేల కదిలినప్పుడు ఇంట్లోవారంతా క్షణాలలో బయటపడాలి గనుక, తాళంచెవి ఎక్కడుందో వెతుక్కునే ఏర్పాటు ఈ ఊళ్ళలో పనికిరాదు. పిల్లవాడి చెయ్యి అందని ఎత్తున తలుపు పైభాగంలో ఒక గడియ బిగించి, పెద్దవారు ఒక్క చేత్తో లాగితే ఊడేలా చూసుకోవడం మేలు. అయితే ముక్కాలిపీటో ప్లాస్టిక్ కుర్చీయో తలుపు దగ్గరకు లాక్కుని ఎక్కడం ఈ పిల్లలకు రెండు రోజుల్లో పట్టుబడే విద్య కాబట్టి, ఆ కుర్చీ లాగే చప్పుడు ఇంట్లోవారికి వినిపించాలి. ఇక్కడే తెలుగువారి పాత అలవాటు ఒకటి అక్కరకు వస్తుంది. పాకే పిల్లల కాళ్ళకు మువ్వలు కట్టడం ముచ్చట కోసమే కాదు. వంటింట్లో ఉన్న తల్లికి, మువ్వల సవ్వడి ఎటు పోతోందో, ఎక్కడ ఆగిందో చెవిని బట్టి తెలిసేది. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు కాళ్ళకు మువ్వలు ఒప్పుకోడు, కానీ తలుపు రెక్కకు గుత్తిగా కట్టిన నాలుగు మువ్వలు అదే పని చేస్తాయి. తలుపు తెరుచుకోగానే మోగే బ్యాటరీ అలారాలు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి, అయితే చెవులు చిల్లులు పడే మోతను భరించలేక పిల్లవాడు తలుపు తీసి మరింత వేగంగా పరుగు తీసే ప్రమాదం ఉన్నందువల్ల, మెత్తగా మోగే దానిని ఎంచుకోవాలి.

తలుపు సంగతి ఇంతటితో ఆపి అసలు ప్రశ్నకు రావలసి ఉంటుంది: పిల్లవాడు ఎందుకు వెళుతున్నాడు? ప్రవర్తనను అధ్యయనం చేసేవారు ఇందుకు ఒక సులువైన పద్ధతిని వాడతారు. ప్రతిసారీ వెళ్ళడానికి ముందు ఏం జరిగింది, వెళ్ళి ఏం చేశాడు, దానివల్ల అతనికి ఏం దక్కింది అన్న మూడు సంగతులను టైముతో సహా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడమే ఆ పద్ధతి. దీనిని ప్రవర్తనకు గల ప్రయోజనాన్ని విశ్లేషించడం అంటారు. ఉదాహరణకు ఒక ఇంట్లో వరుసగా పదిహేను రోజులు రాసిన పుస్తకంలో, పిల్లవాడు గేటు దాటిన ఐదుసార్లలో నాలుగుసార్లు చాథం రేవు నుంచి బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ హారను వినిపించిన తరువాతే అని తేలిందనుకుంటే, ఆ ఇంటికి కావలసింది మరో తాళం కాదు, రోజూ ఒక నిర్ణీత వేళకు పిల్లవాడి చెయ్యి పట్టుకుని రేవుకు తీసుకెళ్ళి ఫెర్రీని చూపించి రావడం. మరొక ఇంట్లో కుక్కరు కూతకో, మిక్సీ రొదకో, చుట్టాలు వచ్చినప్పటి సందడికో పిల్లవాడు బయటపడుతున్నాడని తేలితే, ఆ వేళకు అతనికి వెనుక గదిలో ఒక నిశ్శబ్దమైన మూల ఏర్పాటు చేయడం మందు. కెన్నెడీ క్రీగర్ అధ్యయనంలో కూడా తల్లిదండ్రులు చెప్పిన కారణాలలో, పరుగెత్తడంలోని ఆనందం, ఇష్టమైన చోటికి చేరాలన్న కోరిక, కష్టమైన పరిస్థితి నుంచి తప్పుకోవడం ముందు వరుసలో నిలిచాయి. అంటే కారణాలు అర్థంకానివి కావు. మాట రాని పిల్లవాడు వాటిని కాళ్ళతో చెబుతున్నాడు.

కాళ్ళతో చెప్పే ఆ సంగతిని చేతితో చెప్పడం నేర్పగలిగితే సగం పని పూర్తయినట్టే. తలుపు పక్కన పిల్లవాడి చేతికి అందే ఎత్తులో, సముద్రం బొమ్మ, పార్కు బొమ్మ, ఫెర్రీ బొమ్మ ఉన్న మూడు అట్టముక్కలు వేలాడదీసి, వాటిలో ఒకదాన్ని తీసి అమ్మ చేతికి ఇస్తే అమ్మ వెంటనే చెప్పులు తొడుక్కుంటుందని అతనికి అనుభవంలో తెలియాలి. మొదటి వారమంతా ఇచ్చిన ప్రతిసారీ తీసుకెళ్ళక తప్పదు, అది అలసటే. కానీ అడిగితే దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక, గడియారం బొమ్మ చూపించి ఇంకాసేపట్లో అని చెప్పడానికి వీలు కలుగుతుంది. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప తెలుగింటి పిల్లలందరికీ కళ్ళకు అలవాటైన హద్దు. ఆ హద్దు దగ్గర ఎర్రటి గుండ్రటి గుర్తు అంటించి, దానిని చూడగానే ఆగి వెనక్కి తిరిగి అమ్మ ముఖం చూడడాన్ని ఆటగా, రోజుకు పదిసార్లు, ఆగిన ప్రతిసారీ ఇష్టమైన తాయిలంతో నేర్పవచ్చు. ఈ పిల్లలలో చాలామంది నియమాన్ని ఒకసారి పట్టుకుంటే పెద్దలకంటే గట్టిగా పాటిస్తారు.

ఈత నేర్పాలా వద్దా అన్న విషయంలో కుటుంబాలు తటపటాయిస్తాయి, నీటి రుచి మరిగితే ఇంకా ఎక్కువగా వెళతాడేమోనన్నది వారి భయం. ఆ రుచి ఎలాగూ ఉంది గనుక, నేర్పడమే సరైన దారి. ఈతతో పాటు వెల్లకిలా తేలడం, గట్టు వైపు తిరిగి పట్టు దొరకబుచ్చుకోవడం నేర్పాలి. ప్రమాదం జరిగిననాడు పిల్లవాడు ఈత నిక్కరులో ఉండడు గనుక, కొన్నాళ్ళ తరువాత చొక్కా లాగు వేసుకుని కూడా అభ్యాసం చేయించాలి. పెద్దవారు పక్కన లేకుండా నీటిలో దిగరాదన్న నియమం మొదటి రోజు నుంచే బొమ్మ రూపంలో ఉండాలి. ఈత వచ్చినంత మాత్రాన కాపలా సడలించరాదని వేరే చెప్పనక్కరలేదు, అండమాన్ అలల ముందు గజ ఈతగాళ్ళు కూడా అలసిపోతారు. ఇదే బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న బంగ్లాదేశ్‌లో, తల్లులు ఇంటిపనిలో మునిగే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు పసిపిల్లలను ఊరి శిశుసంరక్షణ కేంద్రాలలో ఉంచడం ద్వారా నీట మునిగే మరణాలను చాలా మేరకు తగ్గించగలిగారు. అక్కడి కేంద్రాలు పసివారికోసం పెట్టినవే అయినా, ప్రమాదం జరిగే గంటలను గుర్తించి ఆ గంటలకు మాత్రం మరొక మనిషి కన్ను ఏర్పాటు చేయడమన్న ఉపాయం ఏ పేటలోనైనా నలుగురు తల్లులు కలిసి వంతుల మీద చేసుకోగలిగినదే.

పిల్లవాడు దొరికినప్పుడు ఎవరి బిడ్డో చెప్పేది ఏమిటన్నది తరువాతి ప్రశ్న. ఇంట్లో తెలుగు, పక్కింట్లో బెంగాలీ, బజారులో తమిళం, పోలీసు స్టేషనులో హిందీ వినిపించే ఊరిలో, మాట రాని పిల్లవాడి విషయంలోనే కాదు, తెలుగు ఒక్కటే తెలిసిన పిల్లవాడి విషయంలోనూ ఈ చిక్కు ఉంది. ఇంట్లో బుజ్జి అనో చిన్నా అనో పిలిచే పిల్లవాడు బడి రిజిస్టరులోని పేరుకు తల తిప్పకపోవచ్చు. అందువల్ల గుర్తింపు బిళ్ళ మీద పిలుపు పేరు, రెండు ఫోను నంబర్లు, మాట్లాడలేడన్న సంగతి హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. అయితే చేతి పట్టీని, మెడలో తాడును చర్మం ఓర్చుకోక పీకి పారేసే పిల్లలు ఎక్కువ. తెలుగు ఇళ్ళలో పుట్టిన కొద్ది రోజులకే కట్టే మొలతాడు మాత్రం ఒంటిలో భాగమైపోయి ఉంటుంది, దాని ఉనికే పిల్లవాడికి తెలియదు. అంచులు అరగదీసిన చిన్న స్టీలు బిళ్ళ మీద నంబరు చెక్కించి మొలతాడుకు గుచ్చితే అది నీటిలో తడిసినా చెరగదు. అది చొక్కా కింద దాగి ఉంటుంది కాబట్టి, చొక్కా కాలరు లోపలి వైపున కూడా చెరగని సిరాతో నంబరు రాయాలి. ఉపగ్రహాల సాయంతో చోటు తెలిపే గడియారాలు పనికివస్తాయి, కానీ వాటికి మొబైల్ సిగ్నలు కావాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక పరిస్థితి మెరుగుపడినా, అడవి అంచున ఉన్న ఊళ్ళలో వాటి మీదే భరోసా పెట్టుకోవడం తగదు.

ఆధార్ విషయంలో తెలుసుకోవలసిన సూక్ష్మం ఒకటుంది. ఎనిమిదేళ్ళ వయసులో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ నుంచి తప్పిపోయి, తన ఊరు పేరు చెప్పలేక నాగపూర్‌లోని ఒక ఆశ్రయంలో పెరిగిన మానసిక వైకల్యం గల బాలుడు, పదేళ్ళ తరువాత 2021లో ఆధార్ నమోదుకు వెళ్ళినప్పుడు, అతని వేలిముద్రలు అప్పటికే మరొక పేరున నమోదై ఉన్నాయని తేలి, దాని ఆధారంగా కన్నవారిని చేరాడు. ఆ వేలిముద్రలే లేకపోతే అతనికి ఆ దారి ఉండేది కాదు. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే ఆధార్‌లో వేలిముద్రలూ కనుపాప గుర్తులూ ఉండవు. ఐదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళకు మరొకసారి వాటిని నమోదు చేయించాలి. కుదురుగా కూర్చోడు, వేలు పెట్టడు అని ఈ పనిని వాయిదా వేసే తల్లిదండ్రులు, అతనికోసమే ఆ నమోదు ఎక్కువ అవసరమని గుర్తించాలి.

వీటన్నిటికీ మించిన రక్షణ పేటలోని మనుషులు. కానీ ఇక్కడే తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెనుకంజ వేస్తాయి. అక్క పెళ్ళికి అడ్డమవుతుందని, నలుగురూ నాలుగు మాటలంటారని పిల్లవాడి స్థితిని గోప్యంగా ఉంచడం వల్ల, అతను ఒంటరిగా వీధిలో నడిచిపోతున్నప్పుడు చూసినవారు కూడా దుకాణానికి పోతున్నాడనుకుని ఊరుకుంటారు. మూల మీది కిరాణా కొట్టువాడు, జెట్టీలో టికెట్లు ఇచ్చేవాడు, ఆటో స్టాండులోని డ్రైవర్లు, వలలు బాగుచేసుకునే వేటగాళ్ళు ఆ పిల్లవాడి ముఖం ఎరిగి ఉండాలి, ఒంటరిగా కనిపిస్తే చెయ్యి పట్టి లాగకుండా పక్కనే నడుస్తూ ఇంటికి ఫోను చేయాలని తెలిసి ఉండాలి. వాళ్ళకు ఈ సంగతి చెప్పడానికి ఒక్క సాయంత్రం చాలు.

ఇన్ని ఏర్పాట్లు దాటి కూడా ఒకనాడు పిల్లవాడు కనిపించకపోతే, మొదట వెతకవలసింది నీళ్ళు. మంచం కింద, బీరువా వెనుక, చుట్టాల ఇంట్లో వెతకడం తరువాత. సంపు, ట్యాంకు, పెరటి కుంట, నాలా, ఒడ్డు ముందు, ఎందుకంటే ఇంట్లో నక్కిన పిల్లవాడు గంట తరువాత కూడా క్షేమంగానే ఉంటాడు, నీటిలో ఉన్నవాడికి గంట ఉండదు. ఒకరు నీటివైపు పరుగెత్తుతుండగానే మరొకరు 112కు ఫోను చేయాలి, సముద్రంలోకి పోయినట్టు అనుమానం ఉంటే తీరరక్షక దళం నంబరు 1554 కూడా ఉంది. ఇరవై నాలుగు గంటలు ఆగితేగాని పోలీసులు ఫిర్యాదు తీసుకోరన్నది ఒట్టి అపోహ. పిల్లవాడు కనిపించలేదన్న ప్రతి ఫిర్యాదునూ వెంటనే ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలోనే ఆదేశించింది. పోలీసులకు మొదటి వాక్యంలోనే ఆటిజం ఉందని, పిలిస్తే పలకడని, నీళ్ళంటే ఇష్టమని చెప్పాలి. పదిమంది కలిసి పేరు పెట్టి కేకలు వేస్తే, మోతకు జడిసి ఆ పిల్లవాడు తిరగేసిన డింగీ కిందనో కొబ్బరి పాకలోనో మరింత లోపలికి ముడుచుకుంటాడు. అతనికి ఇష్టమైన పాట ఫోనులో వినిపించడం, తెలిసిన స్కూటరు మెల్లగా నడపడం మేలు. జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం అంచున ఉన్న గ్రామాలలో అడవిలోకి వెళ్ళినట్టు తోస్తే, ఆ అడవిలోకి ఇతరుల ప్రవేశం నిషిద్ధం కనుక, సొంతంగా చొరబడకుండా పోలీసులనూ అటవీ సిబ్బందినీ వెంట తీసుకోవాలి.

నీటిలోంచి తీసిన పిల్లవాడిని తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం ఊళ్ళలో ఇంకా కనిపించే పద్ధతులు. ఇవి ప్రాణం పోయగల నిమిషాలను మింగేస్తాయి. ఊపిరి ఆగి ఉంటే, వెంటనే నోటితో శ్వాస అందించి, ఆపై ఛాతీ మధ్యభాగాన్ని వేగంగా నొక్కుతూ, ఊపిరి వచ్చేవరకు లేదా సాయం అందేవరకు ఆపకుండా కొనసాగించాలి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రిలో చూపించడం తప్పనిసరి.

క్షేమంగా దొరికిన పిల్లవాడిని ఆ కంగారులో కొట్టడం చాలా ఇళ్ళలో జరుగుతుంది, తల్లి చేతిలో అప్పటివరకు దాగిన భయమంతా ఆ దెబ్బలో బయటికి వస్తుంది. ఆ దెబ్బ ఎందుకు పడిందో పిల్లవాడికి అర్థం కాదు; తల్లి కనిపించినప్పుడు దెబ్బ పడిందని మాత్రం గుర్తుంటుంది, మరునాడు ఆమె కనిపిస్తే అతను దాక్కుంటాడు. తడి బట్టలు మార్చి, తినడానికి పెట్టి, అతన్ని పడుకోబెట్టిన తరువాత నోటుపుస్తకం తీసి, ఏ తలుపు నుంచి, ఎన్ని గంటలకు, ఏ దారిన, ఎంతవరకు అన్న నాలుగు సంగతులూ ఆ రాత్రే రాసిపెట్టాలి. మరునాడు అదే వేళకు, ముందుగా బొమ్మ అట్ట చూపించి, అతని చెయ్యి పట్టుకుని, అతను వెళ్ళిన ఆ దారినే అతను ఆగిన చోటు వరకు నడిచి వెళ్ళాలి. అక్కడ అతను ఏం చూస్తాడో, ఎంతసేపు చూస్తాడో తల్లి పక్కనే నిలబడి చూడాలి.